బతికున్న పగులు

మా పాపను బడిలో చేర్పించడానికి గవర్నర్‌పేటలో ఆ మెట్లు ఎక్కుతున్నప్పుడు నా కళ్ళకంటే ముందు నా కాళ్ళు గుర్తుపట్టాయి. కింది నుంచి తొమ్మిదో మెట్టు మిగతావాటికంటే రెండు వేళ్ళు ఎత్తు. తెలియనివాళ్ళు అక్కడ తట్టుకుంటారు. నా కాలు తనంతట తనే ఆ రెండు వేళ్ళూ పైకి లేచింది. వెనకాల మా ఆయన తట్టుకుని, "ఎవడు కట్టాడో మహానుభావుడు" అన్నాడు. బడి పేరు చెప్పాడే గానీ అది ఎక్కడుందో ఆయన చెప్పలేదు. ఆటో సందులోకి తిరిగినప్పుడు కొంచెం అనుమానం వచ్చింది, కానీ ముందువైపంతా రంగు రేకులతో కప్పేసి ఉండటంతో పోల్చుకోలేకపోయాను. లోపల గోడలకు పసుపు రంగు వేశారు. గోడ పొడుగునా అక్షరాల రైలుబండి గీశారు. మెట్టును మాత్రం అలాగే వదిలేశారు. "ఇది మా కాలేజీ అండీ" అన్నాను. "ఇంకేం మరి! నువ్వు చదివిన చోటే నీ కూతురూ చదువుతుంది. ఇకనైనా బెంగ పెట్టుకోవడం మానెయ్" అన్నాడాయన. పాప చంకలో కదులుతోంది. నేను పైకప్పు చూస్తున్నాను.

ఇంట్లో పనంతా అయ్యి, పాప నిద్రపోయాక ఇది రాస్తున్నాను. చదువుకున్న రోజుల గురించి ఎప్పుడైనా రాయాలనుకున్నాను గానీ ఇలా మొదలుపెడతాననుకోలేదు.

మాది ప్రైవేటు కాలేజీ. బొమ్మలు వేసేవాళ్ళు, బట్టల మీదకి డిజైన్లు గీసేవాళ్ళు, ఇళ్ళ ప్లాన్లు నేర్చుకునే మేము, అందరం ఆ భవనంలోని రెండు పై అంతస్తుల్లోనే సర్దుకునేవాళ్ళం. ఇప్పుడు దానికి యూనివర్సిటీ హోదా వచ్చిందట. మైలవరం వైపు మామిడితోటల దగ్గర సొంత భవనాలు కట్టుకుని వెళ్ళిపోయింది. అప్పట్లో మాత్రం కింద బట్టల హోల్‌సేల్ కొట్లు, వాటి మీద మేము. మేము రాకముందు అది లాడ్జి. గదుల మధ్య గోడలు పడగొట్టి మా స్టూడియో తయారుచేశారు. గోడలు పోయినా వాటి ఆనవాళ్ళు గచ్చు మీద చారలుగా మిగిలాయి. ఆ చారలను బట్టి, "ఇవాళ పదకొండో నంబరు గదిలో కూర్చున్నానే" అని శైలజ నవ్వేది. శైలజ నా పక్క బల్ల. ట్రేసింగు కాగితం మీద ఇంకు గీత తప్పితే సగం బ్లేడుతో గీకి తుడిచేవాళ్ళం. కాగితం చిరగకుండా, గీకినట్టు కనపడకుండా తుడవగలగడం మాలో పెద్ద విద్య. ప్రింట్లు తీసే గది నుంచి అమ్మోనియా వాసన, కింద కొట్ల నుంచి కొత్త బట్ట గంజి వాసన కలిసి వచ్చేవి. మిగతావాళ్ళు ముక్కు మూసుకునేవారు. ఆ రెండో వాసన మాత్రం నాకు మా ఇంటి వాసన.

మేము మగ్గం నేసేవాళ్ళం. మా ఊరు బందరు రోడ్డు మీద ఉయ్యూరు దాటాక. రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. చెరుకు ఆడే కాలంలో ఉయ్యూరు రాగానే కళ్ళు మూసుకుని ఉన్నా తెలిసేది, బస్సంతా చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన నిండిపోయేది. పొద్దున నేను బయలుదేరే వేళకి వీధిలో పడుగు సాచి ఉండేది. నాన్న ఒక కొస, అమ్మ ఒక కొస, మధ్యలో నాయనమ్మ గంజి కుంచె పట్టుకుని ఒంగి నడుస్తూ ఉండేది. పడుగు మీద అరచెయ్యి ఆనించి ఏ పోగు వదులైందో చెప్పేది. కళ్ళు సరిగా ఆననప్పుడు కూడా చెప్పేది. ఆవిడకొక అలవాటుండేది. నేతలో ఎక్కడైనా పోగు తెగి ముడి వేయాల్సి వస్తే, ఆ ముడికి సూటిగా చీర అంచున చిన్న ఎర్రపోగు కట్టేది. కొట్టుకి ఇచ్చేటప్పుడు ఆ ఎర్రపోగు చూసి షావుకారు ధర తగ్గించేవాడు. నాన్నకు ఒళ్ళు మండిపోయేది.

"కనపడని ముడికి దండోరా ఎందుకే అమ్మా?" అనేవాడు.

"కనపడనిదానికే కట్టాలిరా. కనపడేది వాళ్ళే చూసుకుంటారు. కట్టుకున్నాక నడిబజార్లో చిరిగితే ఆ పిల్ల ఎవర్ని తిడుతుంది? నీ తల్లిని" అనేది నాయనమ్మ.

నన్ను కాలేజీలో చేర్చేటప్పుడు నాన్న రెండో మగ్గం అమ్మేశాడు. మగ్గం గుంటను ఇసకతో పూడ్చి పైన సిమెంటు చేయించాడు. ప్రతి వానాకాలం అక్కడ మాత్రం గచ్చు చెమర్చేది. చదువుకోవడానికి నేను కూర్చునేది ఆ మచ్చ పక్కనే.

కాలేజీలో మాకు కట్టడం పనులు చెప్పే మాష్టారు వీరభద్రయ్య గారు. గవర్నమెంటులో ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు. ఎండలోనూ వానలోనూ గొడుగు, జేబులో లవంగాలు. తరగతిలోకి వస్తూనే పిల్లల హాజరు కంటే ముందు గోడను వేలి కణుపులతో తట్టి చూసేవాడు. మేము వెనక నుంచి "గోడ గారూ, ప్రెజెంట్ సార్" అని గొణిగేవాళ్ళం. ఒకరోజు కిటికీ పైమూల నుంచి ఏటవాలుగా పాకిన సన్నని పగులు దగ్గర ఆగిపోయాడు. వెంట్రుక మందం ఉంటుందేమో. స్టూలు ఎక్కి చాలాసేపు చూశాడు. ఆ రోజు పాఠం చెప్పలేదు. మర్నాడు ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్లో సన్నగా కోయించిన మూడు గాజు పలకలు తెచ్చాడు. ఒక్కొక్కటి చూపుడువేలంత. పగులుకు అడ్డంగా, ఒక చివర ఇటు, ఒక చివర అటు వచ్చేలా సిమెంటు ముద్దలతో అంటించాడు. తడి ముద్ద మీద మేకుతో ఆ రోజు తేదీ గీశాడు.

"పగుళ్ళు రెండు రకాలర్రా. చచ్చినవీ, బతికున్నవీ. చచ్చిన పగులుకు సున్నం పూస్తే సరిపోతుంది. బతికున్నది లోపల నడుస్తూ ఉంటుంది. కంటికి ఆనదు. గాజుకు సాగడం తెలీదు గనక అది నడిస్తే గాజు విరుగుతుంది. కాలవ కట్టేసినప్పుడు ఈ నల్లరేగడి నేల ఎండి ముడుచుకుంటుంది, వదిలినప్పుడు ఉబ్బుతుంది. ఒక ఏడాది తిరిగేదాకా పలక నిలిస్తే పగులు చచ్చిందని లెక్క" అన్నాడు. తర్వాత గచ్చు మీద చారల వైపు చూసి, "గోడలు తీసేసినవాళ్ళు, వాటి మీది బరువు ఎవరి నెత్తిన పెట్టారో చూసుకోలేదు" అని గొడుగు తీసుకున్నాడు.

ప్రతి సోమవారం పలకలు చూసి తనకు చెప్పే పని నాకు అప్పగించాడు. "సాలెవారి పిల్లవి, పోగు తెగితే పట్టేస్తావు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం గర్వంగా అనిపించింది. వానలు పడ్డాయి, చలికాలం వచ్చింది, పలకలు అలాగే ఉన్నాయి. సోమవారం సోమవారం "బాగున్నాయి మాష్టారూ" అని చెప్పడం "నమస్కారం మాష్టారూ" అన్నంత మామూలైపోయింది.

వేసవిలో కాలవలు కట్టేశాక ఆయన కంటి ఆపరేషనుకు సెలవు పెట్టాడు. అదే నెలలో ఢిల్లీ నుంచి తనిఖీవాళ్ళు వస్తున్నారని తెలిసింది. వాళ్ళు సరే అంటేనే మా డిగ్రీకి విలువ. కాదంటే మూడేళ్ళుగా చదివిందంతా వట్టిదే. కాలేజీ నడిపే సెక్రటరీ గారు స్టూడియోలోకి వచ్చి చేతులు కట్టుకుని, "అమ్మా, బాబూ, ఇది మీ ఇల్లు అనుకోండి. పెళ్ళివారొస్తున్నారు, చిన్న మచ్చ కూడా కనపడకూడదు" అన్నారు. సున్నాలు వేశాం, బల్లలు రుద్దాం. తనిఖీకి రెండు రోజుల ముందు, అది సోమవారం కూడా కాదు, కిటికీ తుడవడానికి స్టూలు ఎక్కాను. నడిమి పలక విరిగి ఉంది. అడ్డంగా, నున్నగా, బ్లేడుతో కోసినట్టు. రెండు ముక్కల మధ్య ఒక పోగు పట్టేంత సందు.

శైలజను పిలిచి చూపించాను. "మాష్టారికి చెప్దామా?" అన్నాను.

"ఆయన కళ్ళకు గంతలు కట్టుకుని పడుకుని ఉన్నాడే. ఏం చేస్తాడు? వచ్చినవాళ్ళు ఇది చూశారంటే ఈ బిల్డింగుకే తాళం వేస్తారు. మీ నాన్నకేం చెప్తావ్? మగ్గం తిరిగి కొనుక్కో నాన్నా అనా?"

"అబద్ధం కదే."

"కాస్త ఆగాక మాష్టారికి చెప్పుకుందాంలే. ముందు ఈ రెండు రోజులు గడవనీ."

ఫ్రేముల కొట్టుకు వెళ్ళి అదే కొలతకు పలక కోయించుకొచ్చాం. పాత సిమెంటు ముద్దలు ఉలితో తీసేసి కొత్తవి పెట్టాం. ఇక్కడితో ఆగి ఉంటే అది పిల్లలు భయపడి చేసిన పని అయ్యేది. కానీ నాకు క్లాసులో అందరికంటే మంచి చేతిరాత. ఎవరి షీటు మీదైనా అక్షరాలు నేనే రాసేదాన్ని. మాష్టారు తేదీలో మూడంకె తోక ఎలా మెలితిప్పుతాడో, ఏడంకెకు నడుము మీద గీత ఎలా పెడతాడో నాకు తెలుసు. తడి ముద్ద మీద మేకుతో ఏడాది కిందటి తేదీని ఆయన రాతలో రాశాను. ఆరాక కొంచెం టీ డికాషను పూసి పాతబరిచాను. కింద నుంచి చూసి శైలజ, "తేడా తెలీట్లేదే" అంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది. తప్పు గీత కనపడకుండా తుడవడమే కదా అన్నేళ్ళూ నేర్చుకున్నది.

తనిఖీకి వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన ఆ పలకల దగ్గర ఆగాడు. తేదీ చదివాడు. పిల్లలకు ఇలాంటివి నేర్పే కాలేజీ అరుదని మెచ్చుకున్నాడు. అనుమతి వచ్చింది. సెక్రటరీ గారు అందరికీ పూతరేకులు పంచారు.

వీరభద్రయ్య గారు నల్ల కళ్ళద్దాలతో తిరిగొచ్చిన రోజు ముందు పలకల దగ్గరికే వెళ్ళాడు. స్టూలు ఎక్కలేక కింద నుంచే తల ఎత్తి చూశాడు. "నడిమిది ఎలా ఉందమ్మా పద్మజా?" అన్నాడు. మూడింటిలో నడిమిదే ఎందుకు అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. నేను చెప్తాననుకున్నాను. నోరు తెరిచాను కూడా.

"బాగుంది మాష్టారూ."

"నువ్వు చూశావుగా?"

"చూశానండి."

"అయితే చచ్చిందన్నమాట. పోన్లే" అని లవంగం నోట్లో వేసుకున్నాడు. ఆ వారమే సెక్రటరీ గారు అడిగితే, పగులు నిలకడగా ఉందనీ, పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చనీ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు. మేము నాలుగో ఏడు చదువుతుండగా మా నెత్తి మీద కొత్త స్లాబు పోశారు. కంకర కలిపే మిషను రోజంతా తిరిగింది. నా బల్ల మీద ఇంకు సీసా వణుకుతూ ఉండేది. నేను సీసా వైపు చూడకుండా గీతలు గీశాను. మూడు పలకలనూ స్లాబు పోసిన పనివాళ్ళే పీకేసి సున్నం కొట్టారు.

ఆ తర్వాత ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం ఇంత బరువుగా ఉంటుందని నాకు తెలియదు. చదువైపోయింది, పెళ్ళయింది, మాష్టారు పోయారని శైలజ ఫోనులో చెప్పింది. ఎక్కడికి వెళ్ళినా ముందు పైమూలలు చూడటం నాకు అలవాటైపోయింది. సినిమా హాల్లో, పురిటి గదిలో కూడా. పాప పుట్టినప్పుడు నర్సమ్మ బిడ్డను చూపిస్తుంటే నేను దాని తల వెనక గోడ చూశానట. ఈ మాట చెప్పి మా అత్తగారు ఇప్పటికీ నవ్విస్తారు.

పాపను చేర్పించిన రోజు బడి ఆఫీసు గదిలో హెడ్మిస్ట్రెస్ మేడమ్ వెనక ఫ్రేము కట్టిన కాగితం ఒకటి వేలాడుతోంది. మాష్టారి సంతకం దూరం నుంచే గుర్తుపట్టాను. "పైన అంత బరువు ఉంది కదండీ, ఒకసారి ఎవరికైనా చూపిస్తే..." అని నేను నసిగితే, ఆవిడ నవ్వుతూ ఆ ఫ్రేము వైపు చెయ్యి చూపించారు. "పెద్ద ఇంజనీరు గారు ఏడాదిపాటు పరీక్ష చేసి మరీ ఇచ్చారటండి. తల్లులు అడుగుతుంటారనే అక్కడ పెట్టాం." నా అబద్ధం ఫ్రేము కట్టుకుని నాకే ధైర్యం చెప్తోంది. అది నేను రాయించిందేనని అప్పుడే అనాల్సింది. మా ఆయన ఫారం నింపుతున్నాడు. పాప అప్పటికే చెక్కగుర్రం ఎక్కేసింది.

పాపను కూర్చోబెట్టింది మా పాత స్టూడియోలోనే. ఆ కిటికీ పైమూల నుంచి గోధుమరంగు కొమ్మ ఒకటి ఏటవాలుగా దిగింది. కొమ్మ మీద కోతి, కోతి చేతిలో అరటిపండు. దగ్గరికెళ్ళి చూస్తే బొమ్మ వేసినవాళ్ళు ఏం చేశారో అర్థమైంది. పగులు ఎటు పోతే అటే కొమ్మను గీశారు. అప్పుడు వెంట్రుకంత ఉన్నది ఇప్పుడు నా గోరు దూరేంత ఉంది. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన, "నీకు ప్రతిదానికీ భయమే. గోడన్నాక పగలదా? నేను కూచునే కొట్టు గోడలు చూశావా?" అన్నాడు. నా పలక సంగతి ఆయనకు చెప్పలేదు. మర్నాటి నుంచి పాపను దింపి, కింద బట్టల కొట్టు అరుగు మీద బడి వదిలేదాకా కూర్చోవడం మొదలుపెట్టాను. నాలుగో రోజుకి కొట్టువాళ్ళు నాకో కుర్చీ వేశారు. "అమ్మా, మీ పాప ఏడవట్లేదు, మీరే ఏడ్చేట్టున్నారు" అన్నాడు గుమాస్తా. నేను పైన పిల్లలు గెంతే చప్పుడు వింటున్నాను.

బడిలో ఆయాగా చేసే కోటమ్మ గారిది బందరు దగ్గర చేపలు పట్టేవాళ్ళ పల్లె. నన్ను చూసి జాలిపడింది. బడి వదిలాక పైకి రానిచ్చింది. ఫ్రేముల కొట్లో ఒక పలక కోయించి, కోతి తోక కింద, చేతికందే చోట పగులుకు అడ్డంగా అంటించాను. ఆ రోజు తేదీ గీశాను, ఈసారి నా రాతలోనే. "ఇది విరిగితే నాకు వెంటనే చెప్పాలి కోటమ్మ గారూ" అన్నాను. "దిష్టికాండి?" అంది. "అలాంటిదే" అన్నాను. అలా అనడం నా రెండో తప్పు. విడమరిచి చెప్పాల్సింది.

ఇంతలో పాపకు జ్వరం వచ్చి వారం రోజులు బడికి పంపలేదు. ఆ వారం నేను హాయిగా నిద్రపోయాను, అది కూడా రాయాలి. ఇవాళ తీసుకెళ్ళాను. ముందు కోతి దగ్గరికి వెళ్ళాను. పలక చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. తేదీ ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి నా గుండె తేలికైంది. చచ్చిన పగులే, మాష్టారు సంతకం నిజమే, నేను చేసింది ఎవరికీ తగల్లేదు అనుకున్నాను. వెనక నుంచి కోటమ్మ గారు చీపురు పట్టుకుని వచ్చింది.

"బాగుందాండి? అది మూడో నాడే టప్పున ఇరిగిందమ్మా. పిల్లలకి గీసుకుంటదని తీసేశా. దిష్టి పలక ఇరిగిందంటే మీరసలే బెంగ మనిషి, ఏడుస్తారని, ఆ కొట్లోనే ఇంకోటి కోయించి పెట్టించా. మన డ్రాయింగు టీచరమ్మ తేదీ కూడా అచ్చం మీరు రాసినట్టే రాసింది. సూడండి, తేడా తెలుత్తందా?"

దగ్గరికి వెళ్ళి చూశాను. నా రాతే. నాకే తేడా తెలియలేదు.

కోటమ్మ గారిని తిట్టే హక్కు నాకు లేదు. విరిగిన ముక్కలు ఏమయ్యాయని అడిగితే, పిల్లలు తొక్కుతారని అటక మీద దాచానని చెప్పి తెచ్చి ఇచ్చింది. పాపను ఎత్తుకుని మెట్లు దిగాను. తొమ్మిదో మెట్టు దగ్గర తట్టుకున్నాను. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాను. పాప నవ్వింది, మళ్ళీ అలా చెయ్యమంది.

సాయంత్రం మా ఆయనకు మొదటి నుంచీ చెప్పాను. మధ్యలో ఆయన అన్నం కలపడం ఆపేశాడు. చివరికి, "రేపు కొట్టు తెరవనులే. మున్సిపల్ ఆఫీసుకు ఇద్దరం వెళ్దాం" అన్నాడు. "మున్సిపల్ ఆఫీసు పదిన్నరకు గానీ తెరవరండీ" అన్నాను. ఇద్దరం గడియారం వైపు చూశాం.

వీరభద్రయ్య గారి కాగితం తప్పనీ, ఆ తప్పు ఆయనది కాదనీ, నడిమి పలక మీద అక్షరాలు నావనీ విడిగా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టాను. గాజు ముక్కలు రెండూ బల్ల మీద ఉన్నాయి. పక్కపక్కన పెడితే అతుకు కనపడనంత సరిగ్గా కలుస్తున్నాయి. కుట్టుపెట్టెలో వెతికి ఎర్రపోగు తీసి రెండింటినీ కలిపి కట్టాను. నున్నటి గాజు కదా, ముడి రెండుసార్లు జారింది. మూడోసారి నిలిచింది.

పొద్దున ఆఫీసు తెరిచేలోపు ఇవి పట్టుకుని నేను ఆ మెట్ల కింద అడ్డంగా నిలబడాలి. పిల్లల మొదటి ఆటో ఎనిమిదిన్నరకు వస్తుంది. అందులో తొమ్మిది మంది ఉంటారు. అరుగు మీద కూర్చున్న రోజుల్లో లెక్కపెట్టాను.